రాజును దించింది రూసోనా, రొట్టె ధరా?

గ్రూప్స్_గోవిందు
నాలుగేళ్ళుగా గ్రూప్స్‌కి చదువుతున్నాను. నిన్న మాక్ టెస్టులో "ఫ్రెంచ్ విప్లవానికి మూలమైన రాజకీయ భావాలు" అని 15 మార్కుల ప్రశ్న ఇచ్చారు. మా కోచింగ్ నోట్సులో దీనికి ఉన్న జవాబు ఒక్క ముక్క: లాక్, మాంటెస్క్యూ, వోల్టేర్, రూసో అనే తత్వవేత్తలు రాశారు, జనం చదివారు, రాజు పోయాడు. నాకు ఇది మింగుడుపడలేదు. అప్పటి ఫ్రాన్స్ జనాభా దాదాపు 2 కోట్ల 80 లక్షలు. ఎక్కువ మంది పల్లెటూరి రైతులు. సగానికి పైగా జనానికి సంతకం పెట్టడం కూడా రాదు. వాళ్ళు రూసోను చదివి రాజు మీదికి లేచారంటే నమ్మేదెలా? అందుకే రొట్టె ధర, ఉప్పు పన్ను, ఖజానా దివాలా మీద మూడు పేజీలు రాశాను. 4 మార్కులు వేసి, ఎర్ర ఇంకుతో "అడిగింది భావాల గురించి, బేకరీ గురించి కాదు" అని రాశారు. నేను రాసింది నిజంగా అంత తప్పా?

కాఫీ_బ్రేక్
ఆ కామెంటుకి మాత్రం సారుకి 15కి 15.

సగంచదువు
తప్పేం లేదు తమ్ముడూ. భావాలతో కడుపు నిండదు. అమెరికా యుద్ధంలో వేలు పెట్టి ఫ్రాన్స్ వంద కోట్ల లీవ్ర్‌లకు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు) పైగా తగలేసింది. 1788 నాటికి వచ్చే ఆదాయంలో సగం వడ్డీలకే పోతోంది. ఆ ఏడాది జులైలో వడగళ్ళు పడి పంట పోయింది, ఆ చలికాలం నదులు గడ్డకట్టాయి. పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె 8, 9 సూల (చిల్లర నాణేల) నుంచి 14న్నర సూలకు ఎక్కింది. కూలివాడి రోజు సంపాదన 20 నుంచి 30 సూలు. ఇక రూసోతో పనేముంది?

చరిత్ర_మాస్టారు
గోవిందూ, నువ్వు రాసింది తప్పు కాదు, సగం. సగంచదువు గారు చెప్పిందీ సగమే (పేరుకు తగ్గట్టు, ఏమనుకోకండి).

1775 ఏప్రిల్, మే నెలల్లో కూడా ఇదే ఫ్రాన్స్‌లో ధాన్యం ధర ఆకాశానికి ఎక్కింది. మూడు వందలకు పైగా చోట్ల జనం తిరగబడి పిండి బస్తాలు లాక్కున్నారు. దాన్ని 'పిండి యుద్ధం' అంటారు. సైన్యం వచ్చింది, ఇద్దరిని ఉరి తీశారు, అంతటితో సద్దుమణిగింది. ఎవరి నోటా రాజ్యాంగం మాట రాలేదు. అదే ఆకలి, అదే రాజు. పద్నాలుగేళ్ళ తరువాత అదే ఆకలి రాజ్యాన్ని కూల్చింది. ఆకలి రెండుసార్లూ ఉంది కాబట్టి, రెండోసారి మాత్రమే ఉన్నదేమిటో వెతకాలి.

నా దృష్టిలో అది ఒక్క ప్రశ్న: ఈ రాజ్యం ఎవరిది? 1766లో పదిహేనో లూయీ పారిస్ న్యాయమూర్తుల దగ్గరికి తనే వెళ్ళి, సార్వభౌమాధికారం నా ఒక్కడి దేహంలోనే ఉంది అని మొహం మీద చెప్పాడు. 1787 నవంబరులో పదహారో లూయీ అప్పుపత్రాలకు ఆమోదం కావాలని వచ్చినప్పుడు, ఇది చట్టబద్ధం కాదని ఒకరు అడ్డుపడితే, నాకు ఇష్టం కాబట్టి ఇది చట్టమే అన్నాడు. 1789 ఆగస్టు 26 నాటి హక్కుల ప్రకటన మూడో అధికరణం చూడు: సార్వభౌమాధికారమంతా జాతిలోనే ఉంది. 1766కీ 1789కీ మధ్య 23 ఏళ్ళు. ఇల్లు అదే, పట్టాలో పేరు మారింది.

కాఫీ_బ్రేక్
పట్టాలో పేరు మారడానికి మా ఊళ్ళో అయితే 23 ఏళ్ళు చాలవు మాస్టారూ.

సగంచదువు
పేరు మీద జోకు బాగుంది, ఒప్పుకున్నా. కానీ ఆ హక్కుల ప్రకటన చేసినవాళ్ళను అసలు సమావేశానికి పిలిచిందెవరు? రాజే. ఎందుకు పిలిచాడు? డబ్బు లేక. 1614 తరువాత ఒక్కసారి కూడా పిలవని మూడు వర్గాల సభను 1789 మే 5న తన కోట ఉన్న వెర్సాయిలో కూర్చోబెట్టాడంటే రూసోను చదివి కాదు కదా. అప్పులవాళ్ళు తలుపు కొట్టారు, తీశాడు.

చరిత్ర_మాస్టారు
తలుపు తెరిపించింది అప్పే, కాదనను. లోపలికి వచ్చినవాళ్ళు ఏం మాట్లాడాలన్నది మాత్రం అప్పు నేర్పలేదు.

సభలో మతగురువులు ఒక వర్గం, ప్రభువులు రెండోది, మిగతా జనమంతా మూడోది. మూడో వర్గానికి రెట్టింపు ప్రతినిధులు ఉన్నా, వర్గానికి ఒకే ఓటు అంటే ఎప్పుడూ 2–1. ఆ జనవరిలోనే సియేస్ అనే ఒక మతగురువు చిన్న పుస్తకం వేశాడు. అందులో మూడు ప్రశ్నలు. మూడో వర్గం అంటే ఏమిటి? సర్వమూ. ఇంతవరకు దాని స్థానం ఏమిటి? శూన్యం. అది కోరేదేమిటి? ఏదో ఒకటి కావడం. చదువు రానివాడికి కూడా ఒకసారి వినిపిస్తే గుర్తుండిపోతుంది.

జూన్ 17న మూడో వర్గం తమకు తామే 'జాతీయ సభ' అని పేరు పెట్టుకుంది. ఆ రోజే చేసిన ఇంకో పని నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. ఇప్పుడున్న పన్నులన్నీ ప్రజల సమ్మతి లేనివి కాబట్టి చెల్లవు అన్నారు. వెంటనే, ప్రస్తుతానికి మాత్రం కట్టండి, ఎందుకంటే మేము చెబుతున్నాం అన్నారు. అవే పన్నులు, అంతే సొమ్ము. కట్టమనే నోరు మాత్రం మారింది. బేకరీలో ఇది దొరకదు గోవిందూ.

నల్లగొండ_నర్సన్న
చదువు రానోళ్ళకు భావాలు ఎలా చేరతాయని గోవిందు తమ్ముడు అడిగాడు. మా ఊళ్ళో పేపరు ఒక్కటే వచ్చేది. అది హోటల్ దగ్గర ఒకాయన పైకి చదివేవాడు, పదిహేను మంది వినేవాళ్ళు. వినడం ఒక్కటేనా, మధ్యలో ఆపి తిట్టేవాళ్ళు కూడా. ఒక పేపరుకు పదిహేను మంది పాఠకులు. పారిస్‌లో కాఫీ హోటళ్ళు ఉండేవి కదా.

చరిత్ర_మాస్టారు
సరిగ్గా అదే. పలే రొయాల్ తోటలో కాఫీ హోటళ్ళ ముందు కుర్చీలెక్కి కరపత్రాలు చదివేవారు. 1789 జులై 12న కమీయ్ దెమూలాఁ అనే కుర్ర లాయరు బల్ల ఎక్కి మాట్లాడింది అక్కడే. రెండు రోజులకు బాస్తీయ్ జైలుకోట పడింది. అతనికి నత్తి కూడా ఉండేది.

యానాం_కుర్రాడు
బాస్తీయ్‌లో ఆ రోజు ఉన్న ఖైదీలు ఏడుగురే. జనం వెళ్ళింది ముఖ్యంగా తుపాకిమందు కోసం. సినిమాల్లో వేలమందిని విడిపించినట్టు చూపిస్తారు.

ఇంకోటి. "రొట్టె లేకపోతే కేకులు తినండి" అని రాణి అన్నట్టు ఎవరూ రాయొద్దు ప్లీజ్. ఆ మాట రూసో తన ఆత్మకథలో ఎవరో గొప్ప రాకుమారి అన్నట్టు రాశాడు. ఆయన అది రాసేనాటికి మేరీ ఆంటోనెట్ ఆస్ట్రియాలో చిన్నపిల్ల.

మా యానాం 1954 దాకా ఫ్రెంచ్‌వాళ్ళదే. మా తాత చిన్నప్పటి బడిలో 'లిబెర్తే, ఎగాలితే, ఫ్రాతెర్నితే' వల్లె వేయించేవారట. స్వేచ్ఛ, సమానత్వం అని పలకలేకపోతే బెత్తం దెబ్బ.

కాఫీ_బ్రేక్
దెబ్బలు మాత్రం అందరికీ సమానంగానే పడ్డాయి కదా తాతగారి క్లాసులో.

పాతకాలం_పంతులు
అందరూ ఒకే తాళం వేస్తున్నారు కాబట్టి నేను ఎదురు మాట్లాడతాను. రాజు అంటే పన్ను వసూలు చేసేవాడు మాత్రమే కాదు. "నావిష్ణుః పృథివీపతిః" అన్నారు మనవాళ్ళు. అక్కడా అంతే, రాజు దేవుడి ప్రతినిధి. ఆ భయమూ భక్తీ పోతే ఏమైందో చూశారుగా. ఒక్క రాజును తీసేసి, పది నెలల భయానక పాలనలో విచారణల పేరుతో సుమారు 17 వేల మందిని చంపారు. చివరికి ఎవరొచ్చారు? నెపోలియన్. 1804 డిసెంబరు 2న కిరీటం తనే నెత్తిన పెట్టుకున్నాడు. బ్రిటన్, జపాన్, స్వీడన్‌లలో ఇప్పటికీ రాజులున్నారు, జనం సుఖంగానే ఉన్నారు. 1790లోనే బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ చెప్పాడు, పాత ఇంటిని పునాదులతో పెకలిస్తే చివరికి సైన్యాధికారి చేతిలో పడతారని.

వెన్నెల_కలం
పంతులు గారూ, బ్రిటన్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. యూరప్‌లో సొంత రాజును బహిరంగంగా విచారించి తల తీసింది ముందు వాళ్ళే కదా? 1649 జనవరి 30. ఫ్రాన్స్‌వాళ్ళకంటే 144 ఏళ్ళ ముందు.

చరిత్ర_మాస్టారు
వెన్నెల గారు మంచి చోట పట్టుకున్నారు. మొదటి చార్లెస్ విచారణలో ఒక చిన్న సంగతి ఉంది. అభియోగం చదవబోతున్న లాయరును ఆపడానికి రాజు తన చేతికర్రతో అతని భుజం మీద తట్టాడు. కర్రకున్న వెండి పొన్ను ఊడి కింద పడింది. ఎవరైనా వంగి తీసిస్తారని రాజు ఆగాడు. పుట్టిన దగ్గర్నుంచి ఆయన చేతిలోంచి ఏది జారినా ఎవరో ఒకరు తీసిచ్చారు. ఆ రోజు ఒక్కరూ కదల్లేదు. ఆయనే వంగి తీసుకున్నాడు.

ఇంకో పక్క, తీర్పు చెప్పే జడ్జి బ్రాడ్‌షా ఇనుప రేకులు తొడిగిన టోపీ పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా కాలుస్తారేమోనని. రాజుకు వంగనివాళ్ళకు కూడా లోపల వణుకు ఉంది.

రాజు అడిగింది ఒకటే: నన్ను విచారించే అధికారం మీకు ఎవరిచ్చారు? చివరిదాకా వాదన వినిపించనే లేదు. ఆ ప్రశ్నకు జవాబు కామన్స్ సభ జనవరి 4నే తీర్మానంగా రాసిపెట్టింది: దేవుడి తరువాత, న్యాయమైన అధికారమంతటికీ మూలం ప్రజలే. 'దేవుడి తరువాత' అనే మాట వదల్లేదు చూశారా. పంతులు గారి విష్ణువు అక్కడ కూడా ఉన్నాడు, కాకపోతే రాజు పక్కనుంచి జనం పక్కకు జరిగాడు.

పాతకాలం_పంతులు
జరిగి పదకొండేళ్ళు ఉండి 1660లో వెనక్కి వచ్చేశాడు. చార్లెస్ కొడుకునే పిలిచి గద్దె మీద కూర్చోబెట్టారు. రాజు తల తీయించిన సేనాని క్రామ్‌వెల్ శవాన్ని తవ్వి తీసి మరీ వేలాడదీశారు. అదీ చెప్పండి మాస్టారూ.

చరిత్ర_మాస్టారు
చెబుతాను. రాజు వెనక్కి వచ్చాడు, పాత రాజరికం మాత్రం రాలేదు. 1688లో ఇంకో రాజును వెళ్ళగొట్టి, 1689లో హక్కుల చట్టానికి ఒప్పుకున్నవాళ్ళకే కిరీటం ఇచ్చారు. మీరు మెచ్చుకుంటున్న బ్రిటన్ రాజరికం ఆ షరతుల మీద నడిచేది.

లాక్ పుస్తకం కూడా అప్పుడే వచ్చింది. అది ఎవరికి జవాబో మన నోట్సులో రాయరు. ఫిల్మర్ అనే ఆయన, ఆదాము నుంచి వచ్చిన తండ్రి అధికారమే రాజుకు సంక్రమించింది, ప్రజలు బిడ్డలు అన్నాడు. మన కథల్లో "ప్రజలను కన్నబిడ్డల్లా పాలించాడు" అని ఉంటుందే, అదే. లాక్ అడిగిందేమిటంటే, బిడ్డ పెద్దవాడయ్యాక కూడా తండ్రి చెప్పిందే వినాలా? పైగా రాజు తండ్రి కాదు, ఊరెళ్తూ ఇల్లు చూసుకోమని తాళాలు ఇచ్చిన మనిషి. సామాన్లు అమ్ముకుంటుంటే తాళాలు లాక్కునే హక్కు ఇంటివాళ్ళకు ఉంది.

సగంచదువు
ఇంటివాళ్ళు అంటే ఎవరు? పొలమూ పుట్రా ఉన్నవాళ్ళేగా. 1647లో పుట్నీ చర్చిలో క్రామ్‌వెల్ సైన్యం వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు దీని మీద. రెయిన్స్‌బరో అనే కల్నల్, ఇంగ్లండ్‌లో అతి బీదవాడికి కూడా గొప్పవాడిలాగే బతకాల్సిన బతుకు ఉంది, తన సమ్మతి లేని ప్రభుత్వానికి వాడు ఎందుకు లొంగాలి అన్నాడు. క్రామ్‌వెల్ అల్లుడు ఐర్టన్ లేచి, ఆస్తి లేనివాడికి ఓటు ఇస్తే రేపు ఆస్తులే పంచుకుంటారు అన్నాడు. నెగ్గింది అల్లుడే.

వెన్నెల_కలం
ఫ్రాన్స్‌లోనూ అంతే. 1791 రాజ్యాంగంలో మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టగలిగిన మగవాడే 'క్రియాశీల' పౌరుడు. మిగతా మగవాళ్ళు, ఆడవాళ్ళందరూ 'నిష్క్రియ' పౌరులు. 1789 అక్టోబరు 5న వానలో పారిస్ నుంచి వెర్సాయికి నడిచి వెళ్ళి, మర్నాడు రాజునూ రాణినీ పిల్లాణ్ణీ వెంటబెట్టుకొచ్చింది ఎవరు? చేపలమ్మే ఆడవాళ్ళు, బజారు ఆడవాళ్ళు. "రొట్టెలవాణ్ణీ, రొట్టెలామెనూ, రొట్టెల కుర్రాణ్ణీ తెస్తున్నాం" అని కేకలు వేసుకుంటూ వచ్చారు. (గోవిందూ, నీ బేకరీ ఇక్కడ ఉంది, మీ సారుకి చూపించు.) రాజును ఇంటికి తెచ్చినవాళ్ళు నిష్క్రియ పౌరులట!

ఒలింప్ ద గూజ్ 1791 సెప్టెంబరులో ఆడవాళ్ళ హక్కుల ప్రకటన రాసింది. ఉరికంబం ఎక్కే హక్కు స్త్రీకి ఉన్నప్పుడు వేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలని అందులో ఉంది. 1793 నవంబరు 3న మొదటి హక్కును ఆమెకు ఇచ్చారు, గిలటిన్ కింద.

నల్లగొండ_నర్సన్న
నాకు వేరే సంగతి పట్టుకుంది. జనం రాజు మీదికి ఒక్కసారే లేవరు. ముందు రాజును వదిలేసి కింది వాళ్ళను తిడతారు. మా నాయనమ్మ చెప్పేది, దొర గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కుని నడవొద్దు, గొడుగు వేసుకోవద్దు. ఇంట్లో పెళ్ళైనా చావైనా దొర పిలిస్తే వెట్టికి పోవాలి. అయినా ఆమె నిజాంను ఒక్క మాట అనేది కాదు. "పట్నంల ఉన్న రాజుకు ఇవన్నీ ఎరుకనా బిడ్డా, ఎరుకైతే ఊకుంటడా" అనేది. గడి మీద కోపం కడుపునిండా ఉంది, ఆ గడిని నిలబెట్టిన చేతి మీద మాత్రం లేదు. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డాక ఆ మాట ఆగిపోయింది.

చదువుకున్నవాళ్ళ మాట కూడా మొదట్లో అంతే. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పెట్టబోయినప్పుడు అడిగింది నిజాం ఏలుబడి కిందనే బాధ్యతాయుత ప్రభుత్వం. అయినా పెట్టకముందే నిషేధించారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చేసేనాటికి గొడవ దొరసానితోనే, రాజుతో కాదు. 48 వచ్చేసరికి కథ ఎక్కడికో పోయింది.

డల్లాస్_బాబాయ్
నర్సన్నా, జులై 4 అనగానే ఒక్క క్షణం అమెరికా అనుకున్నాను. ఇక్కడ ఆ రోజు సెలవు, పటాకులు. మీకు ఆ తేదీ అంటే కొమురయ్య.

నువ్వు చెప్పిన "రాజుకు తెలియదు" కథ ఇక్కడ కూడా నడిచింది. 1775 దాకా వలసవాళ్ళ కోపమంతా లండన్ పార్లమెంటు మీదే. లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాక కూడా, ఆ జులైలో "ప్రభూ, మీ మంత్రులు తప్పు చేస్తున్నారు, మీరే కాపాడాలి" అని మూడో జార్జికి విన్నపం పంపారు. ఆయన దాన్ని తీసుకోనే లేదు, తిరుగుబాటుదారులని ప్రకటించాడు. 1776 జనవరిలో థామస్ పెయిన్ చిన్న పుస్తకం వేసి, మంత్రులు కాదు, అసలు రాజు అనే ఉద్యోగమే తప్పు అన్నాడు. వంశంలో ముందువాడు మంచివాడైతే తరువాతి మూర్ఖుణ్ణి కూడా మోయాలా అన్నాడు. అమెరికాలో చట్టమే రాజు అన్నాడు. ఆరు నెలలకు స్వాతంత్ర్య ప్రకటన. అందులో 27 ఫిర్యాదులు ఉన్నాయి, చదివి చూడండి, "అతడు ఇలా చేశాడు, అతడు అలా చేశాడు" అని వరసగా రాజు మీదే. పార్లమెంటు పేరు కూడా ఎత్తలేదు.

తమాషా ఏమిటంటే, ఇదే పెయిన్ 1792లో ఫ్రాన్స్ సభకు ఎన్నికై, లూయీని చంపొద్దు, అమెరికాకు పంపించెయ్యండి అన్నాడు. రాజరికం మీద ఆయనకున్న పగ మనిషి మీద లేదు. ఆ మాట అన్నాక ఏడాది తిరక్కముందే ఆయనే జైల్లో కూర్చున్నాడు.

వెన్నెల_కలం
"అందరూ సమానులుగా పుట్టారు" అని రాసిన జెఫర్సన్ ఇంట్లో వందలమంది బానిసలు ఉన్న సంగతి కూడా చెప్పు బాబాయ్. ఫ్రాన్స్ హక్కుల ప్రకటన విని, ఫ్రాన్స్ వలసగా ఉన్న హైతీలో బానిసలు 1791 ఆగస్టులో లేచారు. ఫ్రాన్స్ బానిసత్వం రద్దు చేసింది 1794 ఫిబ్రవరిలో, అదీ హైతీ చేయిజారుతోందని. 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది.

పాతకాలం_పంతులు
అదే ఏడాది హైతీ నాయకుడు దెసలీన్ కూడా చక్రవర్తి అయ్యాడు. నెపోలియన్ కంటే రెండు నెలల ముందే పట్టాభిషేకం చేసుకున్నాడు. రాజు మీద మోజు అంత తేలిగ్గా పోదు అమ్మా.

వెన్నెల_కలం
ఈ ఒక్కటి మీకు ఇచ్చేస్తున్నాను పంతులు గారూ.

గ్రూప్స్_గోవిందు
నర్సన్న, డల్లాస్ బాబాయ్ చెప్పింది చదివాక ఒక డౌటు. మరి ఫ్రాన్స్‌లో ఆ నమ్మకం ఎప్పుడు తెగింది? బాస్తీయ్ రోజునా?

చరిత్ర_మాస్టారు
కాదు. 1789 వసంతంలో ఊరూరా జనం రాసిన ఫిర్యాదుల పుస్తకాలు వేలకొద్దీ మిగిలాయి. ఉప్పు పన్ను తీసెయ్యండి, ప్రభువుల పావురాలు మా గింజలు తినేస్తున్నాయి, ఇలాంటివి. ఆ ఉప్పు పన్ను ఎలాంటిదంటే, కొన్ని ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరి పేరునా ఏటా ఇంత ఉప్పు కొని తీరాలి, అవసరం లేకపోయినా. ఇన్ని తిట్లలో రాజు వద్దు అన్నవాళ్ళు దాదాపు లేరు. ఆయన్ని తండ్రీ అనే పిలిచారు. రూసో కూడా పెద్ద దేశాలకు రిపబ్లిక్ కుదరదన్న మనిషే. మాంటెస్క్యూ స్వయంగా జమీందారు, ఇంగ్లండ్ రాజరికాన్ని మెచ్చుకున్నాడు. వోల్టేర్ రాజుల స్నేహితుడు. మీ నోట్సులోని నలుగురిలో రాజరికాన్నే తీసెయ్యండి అన్నవాడు ఒక్కడు లేడు. ఇది రాస్తే మీ సారు ఏమంటారో చూడాలి.

నమ్మకం తెగింది 1791 జూన్ 20 రాత్రి. లూయీ కుటుంబంతో సహా పారిపోయాడు. పిల్లల ఆయా బారోనెస్ వేషం, రాజు ఆమె దగ్గర నౌకరు వేషం. పెద్ద బగ్గీ, నిదానపు ప్రయాణం. దారిలో ద్రూయె అనే గుర్రాల మజిలీ అధికారి గుర్తుపట్టాడు, వరెన్ ఊళ్ళో ఆపేశారు. పోతూ పోతూ రాజు స్వహస్తాలతో ఒక పత్రం రాసిపెట్టాడు, రెండేళ్ళుగా ఒప్పుకున్నవేవీ మనసారా ఒప్పుకోలేదని. రాజుకు తెలియదు, చుట్టూ ఉన్నవాళ్ళే చెడ్డవాళ్ళు అని చెప్పుకోవడానికి ఇక చోటు లేదు. ఆయనే సంతకం పెట్టి ఇచ్చాడు.

వెనక్కి తెచ్చిన రోజు పారిస్ గోడల మీద ఒక నోటీసు అంటించారు: రాజుకు చప్పట్లు కొట్టినవాణ్ణి కొడతాం, అవమానించినవాణ్ణి ఉరి తీస్తాం. వేలమంది దారికి రెండు పక్కలా నిలబడ్డారు. ఒక్కడూ టోపీ తీయలేదు, ఒక్కడూ మాట్లాడలేదు. కేకలు వేసి ఉంటే ఇంకా ఏదో సంబంధం మిగిలినట్టు.

కాఫీ_బ్రేక్
మా నాన్న కోపం వస్తే ఇలాగే చేస్తారు. తిడితే ఫర్వాలేదు, మాట్లాడకపోతేనే టెన్షన్.

సగంచదువు
ఒప్పుకుంటున్నాను మాస్టారూ, వరెన్‌లో రొట్టె లేదు. కానీ తరువాతి సంగతి అడుగుతాను. 1792 సెప్టెంబరులో రాజరికం రద్దు చేశాక ఆ మనిషిని చంపాల్సిన పనేంటి?

చరిత్ర_మాస్టారు
దాని మీదే అసలు చర్చ జరిగింది. ఇరవై అయిదేళ్ళ సాఁ జ్యూస్త్ లేచి, నిర్దోషిగా ఉంటూ ఎవడూ రాజ్యమేలలేడు, ఏలడమే నేరం అన్నాడు. రోబెస్పియర్ ఇంకా ముందుకు వెళ్ళి అసలు విచారణే వద్దన్నాడు. విచారణ అంటే లూయీ నిర్దోషి కావచ్చు అన్నట్టు, ఆయన నిర్దోషి అయితే మన విప్లవం దోషి. అందులో తర్కం ఉంది, భయపెట్టే తర్కం. ఆ దారే ఏడాది తరువాత పంతులు గారు చెప్పిన 17 వేల దగ్గరికి తీసుకెళ్ళిందని నేనూ అనుకుంటాను. చివరికి విచారించారు. 721 మందిలో షరతు లేకుండా మరణశిక్షకు ఓటేసినవాళ్ళు 361. 1793 జనవరి 21న అమలు చేశారు. అందులో ఒక ఓటు రాజు దాయాది, ఓర్లెయాఁ ప్రభువుది.

కాఫీ_బ్రేక్
దాయాదులు ఎక్కడైనా దాయాదులే.

యానాం_కుర్రాడు
ఆ దాయాది తల కూడా అదే ఏడాది నవంబరులో పోయింది.

నల్లగొండ_నర్సన్న
మా దగ్గర అట్లా కాలేదు. 1948 సెప్టెంబరు 17న లొంగిపోయిన నిజామే 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్ (గవర్నరు లాంటి పదవి). 1956 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. మా నాయనమ్మ అడిగేదట, "రాజు పోయిండన్నరు, మల్ల రాజే కూసున్నడేంది?" అని. ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదట.

పాతకాలం_పంతులు
చంపకుండా కుర్చీ ఇచ్చి నెమ్మదిగా లేపారు. 1971లో రాజభరణాలు కూడా రద్దు. నెత్తురు లేకుండా అయిన పని కదా నర్సన్నా, ఇదే బర్క్ కోరింది.

నల్లగొండ_నర్సన్న
నెత్తురు లేకుండా అన్న మాట మా ఊళ్ళో మాత్రం అనకండి పంతులుగారూ. ఆ అయిదేళ్ళలో కారింది లెక్కపెట్టలేదు ఎవరూ.

పాతకాలం_పంతులు
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అడ్మిన్
ఇప్పటి పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. 1956 దాకా ఏమైనా మాట్లాడుకోండి.

గ్రూప్స్_గోవిందు
మన రాజ్యాంగ పీఠికలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఫ్రెంచ్ విప్లవం నుంచి తీసుకున్నవి అని చివర్లో ఒక లైను కలపవచ్చా? ఎగ్జామినర్‌కి నచ్చుతుంది.

వెన్నెల_కలం
జాగ్రత్త. 1954లో రేడియో ప్రసంగంలో అంబేడ్కర్ గారే, ఇవి నేను ఫ్రెంచ్ విప్లవం నుంచి తెచ్చుకోలేదు, నా గురువు బుద్ధుడి నుంచి తీసుకున్నాను అన్నారు. తన తత్వం గురించి ఆయన చెప్పిన మాట అది. ఆ ఒక్క వాక్యం రాస్తే నీ పేపరు మిగతా వందమంది పేపర్లలా ఉండదు. "భారత ప్రజలమైన మేము" అని మొదలవడం మీద రాయి, మాస్టారి పట్టా కథ అక్కడికి సరిపోతుంది.

గ్రూప్స్_గోవిందు
సరే అక్కా. మాస్టారూ, ఆఖరి డౌటు. ఫ్రాన్స్ రైతులు రోడ్ల మీద జీతం లేకుండా చేసే పనిని 'కోర్వే' అంటారు కదా. జవాబులో దానికి 'వెట్టి' అని రాయొచ్చా?

చరిత్ర_మాస్టారు
రాయొచ్చు, తేడా కూడా రాస్తే ఇంకా మంచిది. రాజు రోడ్ల కోర్వేకి ఏడాదికి ఇన్ని రోజులు అని లెక్క ఉండేది. 1787లో దాన్ని డబ్బు రూపంలోకి మార్చారు కూడా.

నల్లగొండ_నర్సన్న
రోజులు లెక్కపెట్టేవాళ్ళా?